బడి గోడ మీద కోతి, మైసూరు జూలో సింగళీకం



పోయిన నెల ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని మైసూరుకి పిలుచుకొని పోయినాము. పొద్దున జూ, మధ్యాహ్నం పైన చాముండి కొండ. జూలో ఏనుగు దగ్గర, జిరాఫీ దగ్గర ఎంతసేపు ఉంటారో అనుకుంటే, పిల్లలు ఒక కోతి ముందర నిలబడిపోయినారు. ఒళ్ళంతా నలుపు. ముఖం చుట్టూ నెరిసిన గడ్డం మాదిరి జూలు. తోక కొనన చిన్న కుచ్చు. పేరు కింద అది అపాయంలో ఉన్న జాతి అని రాసి ఉంది.

అది చదివి ఏడో తరగతి పాప ఒకటి నన్ను అడిగింది: "సార్, ఇదీ కోతే, మన బడి గోడ మీద కూర్చునేదీ కోతే. దీన్నేమో కాపాడాల అంటారు. దాన్నేమో పట్టి పంపించేయాల అంటారు. ఎందుకు సార్?"

పాప ఊరికే అడగలేదు. బడి తెరిచిన కొత్తలో వరండాలో భోజనాలు చేస్తుండగా ఒక కోతి మూడో తరగతి బాబు చేతిలోని డబ్బా లాక్కుంది. బాబు వదల్లేదు. మోచేతి దగ్గర గోరు గీసుకుంది. వెంటనే సబ్బుతో కడిగి ఆస్పత్రికి తీసుకుపోయి సూదులు వేయించినాము. బాబు బాగున్నాడు. ఆ తరువాత కొందరు తల్లిదండ్రులు కలిసి సంతకాలు పెట్టి, కోతుల్ని పట్టించి దూరంగా అడవిలో వదిలించండి అని అర్జీ ఇచ్చినారు. వారి భయంలో తప్పేమీ లేదు. రాబోయే సమావేశంలో ఆ అర్జీ గురించి మాట్లాడాల. అంతకు ముందు పాప ప్రశ్నకు జవాబు చెబితే, అర్జీ గురించి కూడా కొంత చెప్పినట్టవుతుందని ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. ఓపికగా చదవండి.

ఒకే ఇంటిపేరు

ముందు పేర్లు. మన పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగళూరు చుట్టాలింట్లో కన్నడం. మనం కోతి అంటాము, కన్నడంవాళ్ళు కూడా కోతి అనే అంటారు, మంగ అని కూడా అంటారు. తమిళంలో కురంగు. జూలో చూసిన నల్లదాన్ని కన్నడంలో సింగళీక అంటారు, తమిళంలో సోలైమంది. మన తెలుగు కథల్లో వానర సేన గురించి చెప్పేటప్పుడు కోతులు, కొండముచ్చులతోపాటు సింగళీకాలు అనే మాట మీ అవ్వల నోట విని ఉంటారు. ఆ మాట నేనైతే చిన్నప్పుడు విన్నాను గాని, అట్లాంటి కోతి నిజంగా ఉందని చాలాకాలం తెలీదు.

శాస్త్రవేత్తలు రెంటినీ మకాకా అనే ఒకే ప్రజాతిలో పెట్టినారు. మనుషుల్లో ఇంటిపేరు ఉన్నట్టు అనుకోండి. మన గోడ మీది కోతి మకాకా రేడియేటా. రేడియేటా అంటే కిరణాల మాదిరి విచ్చుకున్నది అని. దాని తల చూడండి, నడినెత్తిన పాపిడి తీసి వెంట్రుకలు నాలుగు వైపులకీ పరిచినట్టు ఉంటుంది. దూరం నుంచి చూస్తే టోపీ పెట్టుకున్నట్టు ఉంటుందని ఇంగ్లీషులో బానెట్ మకాక్ అన్నారు. సింగళీకం మకాకా సైలెనస్. 1758లోనే లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టినాడు. ఇంగ్లీషులో లయన్ టెయిల్డ్ మకాక్. పిల్లలు అందరూ ఆ జూలు చూసి సింహం పేరు వచ్చిందనుకున్నారు. కాదు, పేరు తోకది. సింహం తోక కొనన ఉండే కుచ్చు మాదిరి దీనికీ ఉంటుంది.

బరువులో రెండూ కొంచెం అటూ ఇటూ సమానమే. మగవి ఆరేడు కిలోల పైచిలుకు, ఆడవి మూడు నుంచి ఆరు కిలోల లోపు. తేడా తోకలో తెలుస్తుంది. మన కోతి తోక దాని ఒంటి పొడుగంత ఉంటుంది, ఒక్కోసారి ఎక్కువే. సింగళీకం తోక ఒంట్లో సగం, సగం కంటే కొంచెం ఎక్కువ. రెంటికీ బుగ్గల్లో సంచులు ఉంటాయి. దొరికిన పండ్లు గబగబా బుగ్గల్లో కుక్కుకొని, సురక్షితమైన చోటికి పోయి నిదానంగా నములుతాయి. పెళ్ళి భోజనంలో మన పిల్లలు లడ్డూలు కుక్కుకున్నట్టే.

ఇక్కడ ఒక పొరపాటు సరిదిద్దాల. నీలగిరి వైపు పోయినవారు "మేము రోడ్డు పక్కనే సింగళీకాన్ని చూసినాము, నల్లగా ఉంది" అంటారు. చాలాసార్లు అది నీలగిరి కొండముచ్చు అయి ఉంటుంది. అదీ నలుపే. కాని దాని తల గోధుమ రంగు, తోక చాలా పొడుగు, కుచ్చు ఉండదు, బుగ్గ సంచులు ఉండవు. ముఖ్యంగా ఆకులు తిని బతుకుతుంది. ఈ పొరపాటు మనకి తమాషాగా ఉంటుంది గాని సింగళీకానికి ప్రాణం మీదికి వచ్చింది. నల్ల కోతి మాంసంతో లేహ్యం చేస్తారనే నమ్మకంతో వేటగాళ్ళు కొండముచ్చుల్ని చంపేవాళ్ళు. రెండూ నల్లవే కాబట్టి సింగళీకాలు కూడా వాళ్ళ తుపాకీకి బలైపోయినాయి.

ఎక్కడ ఉంటాయి, ఏం తింటాయి

సింగళీకం పడమటి కనుమల్లోనే ఉంది. కర్ణాటక, కేరళ, తమిళనాడు మూడు రాష్ట్రాల్లో, సంవత్సరమంతా పచ్చగా ఉండే వాన అడవుల్లో. ప్రపంచంలో మరెక్కడా అడవిలో దొరకదు. ఈ మాట చెబితే అందరూ తల ఊపుతారు. కాని రెండో మాట చెబితే నమ్మరు: మన గోడ మీది కోతి కూడా దక్షిణ భారతంలో తప్ప భూమి మీద ఇంకెక్కడా లేదు. పడమట తపతీ నదికి, తూర్పున గోదావరి, కృష్ణల ప్రాంతానికి దిగువన మాత్రమే దాని సీమ. మనం రోజూ చూస్తాము కాబట్టి ప్రపంచమంతా ఉంటుందనుకుంటాము.

బతికే తీరులో రెండూ వేరే వేరే. సింగళీకం చెట్టు దిగడానికి ఇష్టపడదు. తినేది, పడుకునేది, పిల్లని సాకేది అన్నీ కొమ్మల మీదే. పనస, మర్రి జాతి పండ్లు, కులేనియా అనే అడవి చెట్టు పూలు, గింజలు, మధ్య మధ్య పురుగులు, చిన్న చిన్న ప్రాణులు. ఆ కులేనియా దురియన్ పండు చెట్టుకి దగ్గరి చుట్టం. కాయ నిండా ముళ్ళు. దాన్ని చీల్చి లోపలి గింజ తీసుకోవడం సింగళీకానికి బాగా తెలిసిన విద్య. పది, ఇరవై కోతులు ఒక గుంపు. ఎక్కువగా ఒకే పెద్ద మగది ఉంటుంది. అది అప్పుడప్పుడూ పెద్ద గొంతుతో కూత పెడుతుంది. దట్టమైన అడవిలో ఒకరికొకరు కనపడరు కదా, "మేము ఇక్కడ ఉన్నాము, మీరు అటే ఉండండి" అని పక్క గుంపుకి చెప్పినట్టు.

మన కోతికి చెట్టూ ఒకటే, నేలా ఒకటే. అడవి, బండరాళ్ళ కొండ, చెరువుకట్ట, గుడి, బస్టాండు. మర్రి పండు తింటుంది, చింతచిగురు తింటుంది, మన కృష్ణగిరి తోటల్లో మామిడి పిందె కూడా తింటుంది. తినేదానికంటే కొరికి పారేసేది ఎక్కువని రైతు తల్లిదండ్రులు చెబుతారు. అది నిజమే. దాని గుంపులో పెద్ద మగవి చాలా ఉంటాయి. ఇంకో విశేషం, కోతి జాతుల్లో సామాన్యంగా మగవాటికి ఒకదానితో ఒకటి పడదు. మన కోతి మగవి మాత్రం ఒకదాన్నొకటి ఆనుకొని కూర్చుంటాయి, పెద్దవైనాక కూడా ఆడుకుంటాయి, పేలు చూసుకుంటాయి. ఆ ఓర్పు గురించి పరిశోధకులు చాలా రాసినారు. బడి గోడ మీద పొద్దున తొమ్మిదికి చూడండి, మీకే కనపడుతుంది.

పిల్లలు పుట్టే లెక్క అన్నింటికంటే ముఖ్యం. మన కోతి సుమారు నాలుగేళ్ళకి తల్లి అవుతుంది. తరువాత ఏడాదికో రెండేళ్ళకో ఒక పిల్ల. సింగళీకం అడవిలో ఆరేళ్ళు దాటినాకే మొదటి పిల్లని కంటుంది. మళ్ళీ కనడానికి రెండున్నర, మూడేళ్ళు పడుతుంది. అంటే ఒక తల్లి జన్మంతా కంటే నాలుగైదు పిల్లలు. అందులో కొన్ని పెద్దవి కాకముందే పోతాయి. ఒక గుంపులో రెండు ఆడవి రోడ్డు మీద బండి కింద పడితే, ఆ నష్టం పూడటానికి ఎన్నేళ్ళు పడుతుందో పిల్లలు లెక్క వేయండి.

అపాయం జాబితా ఎట్లా వేస్తారు

ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమాఖ్య, ఐయూసీఎన్ అంటారు, ప్రాణుల స్థితిని మెట్లు మెట్లుగా చెబుతుంది. కింది మెట్టున ఆందోళన లేనివి. పైకి పోతే అంచున ఉన్నవి, హాని పొందగలవి, అపాయంలో ఉన్నవి, తీవ్ర అపాయంలో ఉన్నవి. ఆ పైన అడవిలో లేకుండా పోయినవి, చివరికి అసలే లేకుండా పోయినవి. ఇది కంటికి ఎన్ని కనపడుతున్నాయో చూసి వేసేది కాదు. రెండు ప్రశ్నలు అడుగుతారు: ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? ఎంత వేగంగా తగ్గుతున్నాయి?

సింగళీకం మొదటి ప్రశ్న దగ్గరే చిక్కుకుంది. అడవిలో మొత్తం సుమారు 4,000. అందులో పిల్లల్ని కనగల వయసువి 2,500 లోపే. అవి కూడా ఒక్కచోట లేవు. అక్కడ ముక్క, ఇక్కడ ముక్క అడవిలో చెల్లాచెదురుగా ఉన్నాయి, ఏ ఒక్క ముక్కలోనూ పెద్దవి 250 మించి లేవు. అందుకే అపాయంలో ఉన్న మెట్టు.

మన కోతి రెండో ప్రశ్న దగ్గర పట్టుబడింది. 2008లో దాన్ని ఆందోళన లేని జాబితాలో పెట్టినారు. 2020లో వచ్చిన జాబితాలో ఒకేసారి రెండు మెట్లు ఎక్కి, హాని పొందగలవి అనే మెట్టులోకి వచ్చింది. మూడు తరాల కాలంలో నూటికి ముప్ఫైకి పైగా తగ్గిపోతే ఆ మెట్టు. అంటే ఆ పాప గోడ మీద చూసేది కూడా ఎర్ర జాబితాలో అపాయం మెట్లు ఎక్కిన ప్రాణే. ఈ సంగతి జూలో చెబితే పిల్లలు నమ్మలేదు. నేనూ మొదట చదివినప్పుడు నమ్మలేదు.

మైసూరు రోడ్డు లెక్క

ఆ వేగం ఎట్లా తెలిసిందంటే, అది మనం పోయి వచ్చిన మైసూరులోనే తెలిసింది. మైసూరు విశ్వవిద్యాలయంలో మేవా సింగ్ అనే ఆచార్యులు, ఆయన జట్టు, 1989 నుంచి మైసూరు చుట్టుపక్కల రోడ్ల వెంబడి కోతి గుంపుల్ని లెక్కపెట్టినారు. అవే రోడ్లు, అదే పద్ధతి, ఏళ్ళ తరబడి. 2017లో ఆ లెక్క అంతా కలిపి అచ్చు వేసినారు. పాతికేళ్ళలో ఆ ప్రాంతపు కోతులు నూటికి 65కి పైగా తగ్గిపోయినాయి.

ఎక్కడికి పోయినాయి? పాతకాలం రోడ్లు గుర్తు చేసుకోండి. రెండు పక్కలా మర్రి, రావి, చింత, నేరేడు. కొమ్మ కొమ్మా కలిసి పందిరి మాదిరి ఉండేది. ఎండలో ఎద్దులబండ్లకి నీడగా నాటిన చెట్లు అవి. కోతులకి అదే ఇల్లు, అదే వంటిల్లు. మర్రికి ఒకదాని తరువాత ఒకటి ఏదో ఒక నెలలో పండు వస్తుంది కాబట్టి ఆకలి కాలం తెలీదు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందు పోయేది ఆ చెట్లే. చెట్టు పోయినాక గుంపు పొలాల్లోకి దిగింది. పొలంలో దెబ్బలు, టపాకాయలు. కొందరు పట్టించి పంపించినారు. చివరికి గుడులు, కొండలు, విహార స్థలాలు మాత్రం మిగిలినాయి, ఎందుకంటే అక్కడ మనుషులు పెడతారు.

అందుకే మనకి ఒక కనికట్టు మాదిరి జరుగుతుంది. చాముండి కొండ మీద, మెట్ల దగ్గర, ఎటు చూసినా కోతులే. అబ్బా, ఎన్ని పెరిగిపోయినాయి అనుకుంటాము. నిజానికి అవి పెరగలేదు, చుట్టూ ఉన్న చోట్లన్నీ ఖాళీ అయి ఒక్కచోటికి చేరినాయి. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకి, రోడ్డు మీద కోతి కనపడితే చెప్పండి అని పని పెట్టినాను. బెంగళూరు దాకా ఒక్కటీ చెప్పలేదు. అదొక్కటే రుజువని నేను అనను. కొత్త రోడ్డు మీద బస్సు వేగం అట్లాంటిది. కాని కొమ్మ కూడా లేని రోడ్డు మీద కోతి ఎక్కడ కూర్చుంటుంది?

ఆంధ్ర, తెలంగాణలో చుట్టాలున్నవారికి ఇంకో సంగతి. ఉత్తర దేశపు కోతి ఒకటి ఉంది, రీసస్ మకాక్. తలమీద టోపీ ఉండదు, తోక పొట్టిది, వెనక భాగం నారింజ ఎరుపు. 1980ల నాటి పటాల్లో తూర్పువైపు గోదావరే రెంటికీ హద్దు. అవతల అది, ఇవతల మనది. తరువాత రీసస్ గోదావరి దాటి కృష్ణ వైపు దిగుతూ వచ్చింది, మన కోతి సీమ ఆ మేరకు కుంచించుకుపోయింది. అక్కడికి అది తనంతట తాను వచ్చింది కొంత, మనుషులు ఒకచోట పట్టి ఇంకోచోట తెచ్చి వదిలింది కొంత. రీసస్ మాత్రం ఇప్పటికీ ఆందోళన లేని జాబితాలోనే ఉంది. సెలవులకి ఊరికి పోయినప్పుడు పిల్లలు అక్కడి కోతి తోక చూసి రండి.

సింగళీకం కోసం ఆగిన ఆనకట్ట

సింగళీకం కథలో ఒక గెలుపు ఉంది. కేరళ పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ అనే వాన అడవి. 1970లలో అక్కడ కుంతిపుళ నది మీద కరెంటు కోసం ఆనకట్ట కట్టాలని విద్యుత్ బోర్డు పూనుకుంది. అడవి మునిగిపోతుంది, అందులోని సింగళీకాలు పోతాయి అని కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, సుగతకుమారి మాదిరి కవులు, బడి పంతుళ్ళు ఊరూరా తిరిగి చెప్పినారు. అంత పెద్ద ఆందోళనకి గుర్తుగా నిలిచింది ఈ నల్ల కోతి ముఖమే. చివరికి ప్రాజెక్టు ఆగిపోయింది. 1984లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినారు, 1985లో ప్రధాని రాజీవ్ గాంధీ ప్రారంభించినారు. తిరునెల్వేలి వైపు కళక్కాడు అడవిని కూడా 1976లో ముఖ్యంగా సింగళీకం కోసమే అభయారణ్యం చేసినారు. కర్ణాటకలో శరావతి లోయలో 2019 నుంచి దాని పేరుతోనే అభయారణ్యం ఉంది. అయితే అదే లోయలో 2,000 మెగావాట్ల కరెంటు ప్రాజెక్టు ఒకటి తలపెట్టినారు, దాని మీద ఇప్పుడు గట్టి వాదన నడుస్తోంది. కరెంటు మనకీ కావాల. ఆ వాదన తేలికది కాదు.

ఇంకో కథ వాల్పారైది. పొళ్ళాచ్చి నుంచి ఆళియారు దాటి, నలభై కొండ మలుపులు ఎక్కితే వాల్పారై. చుట్టూ టీ తోటలు. నూరేళ్ళకి పైగా అడవి కొట్టి టీ, కాఫీ నాటుకుంటూ వచ్చినారు. మధ్య మధ్య అడవి ముక్కలు మిగిలినాయి. ఊరి పక్కనే పుదుతోట్టం అనే ముక్క, సుమారు 92 హెక్టార్లు. అందులో వందకు మించి సింగళీకాలు ఉన్నాయి. మామూలుగా ఇరవై ఉండే గుంపు ఇక్కడ చాలా పెద్దదైపోయింది. పక్క అడవికి పోదామంటే మధ్యలో తోటలు, ఊరు. చెట్టు దిగని కోతి నేల మీదికి దిగింది. ఇళ్ళ పెంకులు తీసి లోపలికి దూరింది. చెత్తకుండీలు వెతుకుతుంది. రోడ్డు దాటుతూ బండ్ల కింద పడింది.

అక్కడ పనిచేసే నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థవారు, అటవీ శాఖ కలిసి రోడ్డు పైన చెట్టు నుంచి చెట్టుకి వంతెనలు కట్టించినారు. కోతులు కొన్నాళ్ళు అనుమానంగా చూసి, తరువాత వాడటం మొదలుపెట్టినాయి. రోడ్డు పక్కన కాపలా మనుషులు నిలబడి బండ్లని నిదానం చేయిస్తారు, కోతులకి ఏమీ పెట్టొద్దని పర్యాటకులకి చెబుతారు. ఈ కాపలా లేకపోతే వంతెన ఒక్కటే చాలదు. పైన వంతెన ఉన్నా కింద ఎవరైనా అరటిపండు విసిరితే కోతి కిందికే వస్తుంది.

ఆ మాట దగ్గరే మన బడి సంగతి వస్తుంది. వాల్పారై సింగళీకాన్ని చూస్తే, అడవి ముక్కలైపోయి తిండి మన దగ్గర దొరికితే అది కూడా మన గోడ మీది కోతి మాదిరే అవుతుందని తెలుస్తుంది. జాతి గుణం అని మనం అనుకునేదాంట్లో సగం మనం నేర్పిందే.

అర్జీ గురించి

పట్టించి అడవిలో వదిలితే ఏమవుతుంది? మొదటిది, గుంపు మొత్తం దొరకదు. దొరికినవి సగం, పారిపోయినవి సగం. తల్లి ఒకచోట, పిల్ల ఒకచోట. రెండోది, మన కోతులు పుట్టినప్పటి నుంచి డబ్బాల తిండి తిన్నవి. అడవిలో వదిలితే అక్కడ ఏది తినాలో, ఎక్కడ నీళ్ళో తెలీదు. అక్కడ ముందే ఉన్న గుంపు రానివ్వదు. అవి రోడ్డు వెతుక్కుంటూ ఇంకో పల్లెకి వస్తాయి. ఆ పల్లెలోనూ ఒక బడి ఉంటుంది. మూడోది, ఇక్కడ గోడ ఖాళీ కాదు. తిండి అట్లాగే దొరుకుతుంటే కొన్ని నెలల్లో పక్క గుంపు వచ్చి కూర్చుంటుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన కోతికి, సింగళీకానికి రెంటికీ రక్షణ ఉంది. అటవీ శాఖ అనుమతి లేకుండా ఎవరో మనిషిని పిలిపించి పట్టించడం నేరం. పట్టేవాళ్ళు తామే చూసుకుంటాము అంటే నమ్మకండి.

కోతులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే పద్ధతి ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో చాలా ఏళ్ళుగా చేస్తున్నారు, తెలంగాణలో నిర్మల్‌లో 2020లో ఒక కేంద్రం తెరిచినారు. అది ప్రభుత్వం చేయాల్సిన పని, బడి చేయగలిగింది కాదు. పైగా అక్కడి సమస్య చాలావరకు రీసస్‌ది. తగ్గిపోతున్న మన కోతికి అదే మందు వేయాలా వద్దా అన్నది బాగా ఆలోచించి తేల్చాల్సింది. నా వరకు నేను వద్దనే అంటాను.

మామిడి తోటలున్న తల్లిదండ్రులకి ఒక మాట. ఏడాది కష్టం పిందెలోనే పోతుంటే, అది అరుదైన ప్రాణి అని బడిలో చెప్పినంత మాత్రాన కడుపు నిండదు. పంట నష్టానికి అటవీ శాఖకి దరఖాస్తు ఇచ్చి చూడండి. రాసే సాయం కావాలంటే బడికి రండి, మా ఉపాధ్యాయులు రాసిపెడతారు.

ఇక బడిలో ఈ వారం నుంచే కొన్ని మార్పులు చేసినాము. భోజనాలు వరండాలో కాదు, తలుపులున్న గదుల్లోనే. మిగిలిన అన్నం, పండ్ల తొక్కలు మూత బిగుసుకునే డ్రమ్ములో వేస్తాము, సాయంత్రం లోపల తీసుకుపోతారు. ముందు ఆ డ్రమ్ముకి మూత లేదు. కోతి రావడానికి అదే సగం కారణం, ఆ తప్పు మాదే. మీరు చేయాల్సింది: పిల్లల డబ్బా పారదర్శకంగా లేనిదిగా, గుడ్డ సంచిలో పెట్టి పంపండి. ప్లాస్టిక్ కవరు గలగలమంటే కోతికి అది తిండి అని తెలుసు, శనివారం ఆంజనేయస్వామి గుడి దగ్గర నేర్చుకుంది. స్వామి మీద భక్తితో అరటిపండ్లు పెట్టేవారు చాలామంది ఉన్నారు, మా ఇంట్లోనూ ఉన్నారు. పండు స్వామి ముందర పెట్టి, ప్రసాదం మనుషులకి పంచండి. కోతికి చేతితో ఇవ్వొద్దు. చేతితో తీసుకోవడం అలవాటైన కోతి, ఇవ్వని చేతి నుంచి లాక్కుంటుంది. మూడో తరగతి బాబుకి జరిగింది అదే.

పిల్లలూ, కోతి ఎదురుగా వస్తే కళ్ళలోకి గుచ్చి చూడొద్దు, దానికి అది సవాలు. పరుగెత్తొద్దు, రాయి తీయొద్దు. చేతిలో తిండి ఉండి అది లాగితే వదిలేయండి, డబ్బా మళ్ళీ కొనుక్కోవచ్చు. నోరు తెరిచి చూపిస్తుంటే అది నవ్వు కాదు, బెదిరింపు. పక్కకి తిరిగి మెల్లగా నడిచి పోండి. కరిచినా, గీరినా దాచిపెట్టొద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాల, అదే రోజు ఆస్పత్రికి పోయి రేబిస్ సూది వేయించాల. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ సూదికి డబ్బు అడగరు.

చెరువుకట్ట మీద మిగిలిన రెండు మర్రిచెట్ల పక్కన, పంచాయతీ అనుమతి దొరికితే, ఈ వానల్లో మర్రి, రావి, నేరేడు కొమ్మలు నాటాలని ఎనిమిదో తరగతివారు అడుగుతున్నారు. మర్రి పెద్దకొమ్మ నాటితే బతుకుతుంది, మేకలు తినకుండా కంచె కావాల. ఇంటి దగ్గర ముళ్ళకంప, పాత తడికెలు ఉన్నవారు పంపండి.

ఏడో తరగతి పాప తన ప్రశ్నని సమావేశంలో మళ్ళీ అడుగుతానంది. నేను ఒప్పుకున్నాను. అర్జీ మీద సంతకం చేసిన తల్లిదండ్రులు తప్పకుండా రండి. రెండో శనివారం, ఉదయం పది గంటలకి, పెద్ద హాలులో.